డబ్బు నడిచే దారి ఎవరిది?

గత మాసం కోదాడలో విద్యార్థులు జరుపుకున్న ఒక చర్చాగోష్ఠిలో అర్థశాస్త్రం బోధించే మిత్రుడొకరు ఉపన్యసిస్తూ, "వడ్డీ వ్యాపారిని మన ఉద్యమాలు చంపలేకపోయాయి, ఫోను చంపింది" అన్నారు. కుర్రవాళ్లు గట్టిగా చప్పట్లు కొట్టారు. వెనుక బెంచీలో కూర్చున్న నాకు ఆనాడు జవాబు చెప్పే వేళ చిక్కలేదు. చెప్పవలసిన మాట ఇక్కడ వ్రాస్తున్నాను. ఆ మిత్రుడి మీద నాకు కోపం లేదు. ఆయన చదువుకున్నవాడు, పేదవాడి పక్షం వహించేవాడు. అటువంటివాడే ఈ భ్రమలో పడ్డాడంటే మనలో ఇంకెందరు పడి ఉంటారోనన్నదే నా బాధ.

ఆయన వాదంలో మూడు మెట్లున్నాయి. ఒకటి, ఫోను మీద డబ్బు చెల్లించే ఏర్పాటు చిన్న వర్తకుడికి ఉచితంగా లభించింది. రెండు, దానివల్ల అతని అమ్మకాలకు లెక్క ఏర్పడింది, లెక్క ఉన్నవాడికి అప్పు పుడుతుంది. మూడు, అప్పు పుడితే ఇక సాహుకారు గడప తొక్కనక్కర లేదు. వినడానికి చాలా చక్కగా ఉంది. ఒక్కొక్క మెట్టునూ తట్టి చూద్దాం.

ముందుగా ఒప్పుకోవలసినది ఒప్పుకుంటాను. మిర్యాలగూడ బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసే బీహారు హమాలీ ఇవాళ కూలి డబ్బు చేతికందిన నిమిషంలోనే ఇంటికి పంపగలుగుతున్నాడు. వెనుకటి రోజుల్లో తపాలా మనియార్డరుకు ఇరవై రూపాయలకు ఒక రూపాయి చొప్పున రుసుము కట్టేవాడు. మనిషి చేరవేస్తే దారిలో ఎంత కరిగిపోయేదో దేవుడికెరుక. సూర్యాపేట బస్టాండు దగ్గర జామపండ్ల బండి అమ్మ చిల్లర లేదని గిరాకీని పోగొట్టుకోవడం లేదు. ఇది మేలు కాదనేవాడు అభ్యుదయవాది కాడు, మొండివాడు. యంత్రాన్ని చూసి భయపడడం మన సంప్రదాయం కాదు. యంత్రం ఎవరి చేతిలో ఉన్నదని అడగడమే మన సంప్రదాయం.

కాబట్టి అదే అడుగుదాం. ఈ దారి ఎవరు వేశారు?

రిజర్వు బ్యాంకూ, బ్యాంకుల సంఘమూ కలిసి 2008లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ అనే సంస్థను నెలకొల్పాయి. లాభాపేక్ష లేని సంస్థగా దాన్ని ఏర్పరిచారు. ఒక బ్యాంకు ఖాతా నుంచి మరొక బ్యాంకు ఖాతాకు తక్షణం డబ్బు నడిపించే యూపీఐ పద్ధతిని ఆ సంస్థ 2016 ఏప్రిల్ 11న ఆరంభించింది. మనం చాయ్ కొట్టులో పది రూపాయలు "కొట్టినప్పుడు" ఆ పది మన బ్యాంకు నుంచి ఈ సంస్థ వేసిన దారి మీదుగానే దుకాణదారుడి వైపు నడుస్తుంది. మనం ఫోనులో చూసే రంగుల బొమ్మ కేవలం గుమ్మం. దారి మనది, బ్యాంకులు మనవి, ఖాతాలో డబ్బు మనది. గుమ్మం మాత్రం మనది కాదు.

ఈ సంగతి చెప్పినప్పుడు విద్యార్థులు ఆశ్చర్యపోతారు. వనస్పతినంతటినీ డాల్డా అని పిలిచినట్లు మన ఊళ్లలో ఈ చెల్లింపునంతటినీ "ఫోన్‌పే కొట్టడం" అంటున్నారు. ఒక కంపెనీ పేరు క్రియాపదంగా మారిపోయిన తరువాత, దాని వెనుక ప్రజల సొత్తు ఒకటుందన్న జ్ఞాపకం ఎవరికి మిగులుతుంది?

పోనీ, జనం ఈ దారికి తమంతట తామే వచ్చారా? 2016 నవంబరు 8 రాత్రి అయిదు వందల, వెయ్యి రూపాయల నోట్లు రద్దయినాయి. చలామణిలో ఉన్న డబ్బులో విలువను బట్టి నూటికి 86 పాళ్లు ఒక్క రాత్రిలో చెల్లకుండా పోయింది. అది వానాకాలం వరి కోతల మాసం. ధాన్యం తెచ్చిన రైతుకు ఇవ్వడానికీ, దింపిన హమాలీకి ఇవ్వడానికీ చేతిలో చెల్లే నోటు లేని రోజులవి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక చెల్లింపుల కంపెనీ, పేటీఎం, ప్రధానమంత్రి బొమ్మతో పత్రికల మొదటి పేజీ నిండా ప్రకటన వేసుకున్నది. నీళ్లు కట్టివేసి పడవ అద్దెకిచ్చినట్లున్నది ఆ వ్యవహారం.

ఆ వెంటనే బయటివాళ్లు వచ్చారు. 2017 సెప్టెంబరు 18న గూగుల్ కంపెనీ తన చెల్లింపుల సేవను "తేజ్" అనే దేశీయ నామంతో ఢిల్లీలో ప్రారంభించింది. ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీయే వచ్చి ప్రారంభోత్సవం చేశారు. ఏడాది తిరగకముందే దేశీయ నామం తీసివేసి గూగుల్ పే అన్నారు. ఫోన్‌పే అనేది 2015లో బెంగుళూరులో పుట్టింది. 2016లో దాన్ని ఫ్లిప్‌కార్ట్ కొన్నది. 2018లో ఫ్లిప్‌కార్ట్‌లో నూటికి 77 పాళ్లు అమెరికా వాల్‌మార్ట్ 1600 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ బేరంలో ఫోన్‌పే కూడా వాల్‌మార్ట్ చేతిలో పడింది.

ఇక్కడ పాఠకులు ఒక్క నిమిషం ఆగాలి. చిల్లర వర్తకంలోకి విదేశీ పెట్టుబడిని అనుమతించినప్పుడు 2012 సెప్టెంబరు 20న దేశమంతటా బంద్ జరిగింది. వామపక్షాలూ, వర్తక సంఘాలూ ఒకే వీధిలో నిలబడ్డాయి. వాల్‌మార్ట్ మన కిరాణా కొట్టును మింగుతుందని ఆనాడు అన్నాము. టోకు గిడ్డంగులు పెట్టగలిగిందేగాని చిల్లర కొట్టు పెట్టడం దానికి ఇక్కడ సాధ్యపడలేదు. మనం గెలిచామనుకున్నాము. ఇవాళ సూర్యాపేటలో ఏ కిరాణా కొట్టుకైనా పోయి చూడండి. కొట్టు ఆ సేటుదే, సరుకు ఆయనదే, అప్పు ఆయనదే. గల్లాపెట్టె మీద అంటించిన కాగితం మాత్రం వాల్‌మార్ట్‌ది. కొట్టు పెట్టనక్కర లేకుండానే అన్ని కొట్ల గల్లా ముందూ కూర్చోగలిగినవాడికి కొట్టుతో పనేమిటి? మన బంద్ తలుపు దగ్గర జరిగింది. వాడు కిటికీలో నుంచి వచ్చాడు.

ఇక మొదటి మెట్టు, ఉచితం. 2020 జనవరి 1 నుంచి యూపీఐ చెల్లింపు మీద వర్తకుడి దగ్గర రుసుము వసూలు చేయరాదని చట్టం ఉన్నది. మంచిదే. కాని గుమ్మం కాపలావాడు ధర్మసత్రం నడపడానికి సముద్రాలు దాటి రాలేదు. మొదట గీకుడు కార్డులనీ, తిరుగు డబ్బనీ చేతిలో పెట్టి అలవాటు చేశారు. అలవాటైన తరువాత ఫోను రీచార్జీకి రూపాయో రెండో రుసుము మొదలుపెట్టారు. చెల్లింపు అందిందని అరిచే డబ్బాకు నెలనెలా అద్దె. దీనికి తోడు ప్రభుత్వ ఖజానా చెల్లిస్తున్నది. చిన్న వర్తకుడికి వచ్చే రెండు వేల రూపాయల లోపు ప్రతి చెల్లింపుకూ నూటికి పదిహేను పైసల చొప్పున ఇచ్చేందుకు 2024-25 సంవత్సరానికి 1,500 కోట్లు కేటాయించారు. అది బ్యాంకులకు పోతుంది, వాటి నుంచి ఈ కంపెనీలకూ వాటా అందుతుంది. అంటే పది రూపాయల చాయ్‌కి ఒకటిన్నర పైసా మనం పన్నుల రూపంలో కట్టాము. దారి మనం వేసి, గుమ్మం కాపలావాడికి జీతమూ మనమే ఇచ్చి, దీన్ని ఉచితమంటున్నాము. కొర్లపహాడ్ టోలుగేటు దగ్గర ఎంత కట్టాలో బోర్డు మీద వ్రాసి ఉంటుంది. ఈ గేటుకు బోర్డు లేదు, అంతే తేడా.

రెండు కంపెనీలు మొత్తం యూపీఐ చెల్లింపుల్లో నూటికి ఎనభైకి పైగా నడుపుతున్నాయి. 2025 ఆగస్టులో ఈ దారి మీద ఒక్క నెలలో రెండు వేల కోట్ల చెల్లింపులు దాటినాయంటే ఆ ఎనభై పాళ్లకు అర్థమేమిటో ఊహించుకోండి. ఇది ప్రమాదమని ప్రభుత్వ పక్షానికీ తెలుసు. ఏ ఒక్క కంపెనీకీ నూటికి ముప్పై మించరాదని 2020 నవంబరులోనే నియమం పెట్టారు. అమలు గడువు 2024 చివరికి జరిపారు. అక్కడి నుంచి 2026 డిసెంబరు 31కి జరిపారు. వరి పంటకు నీళ్ల గడువు ఒక్క తడి తప్పితే ఎండిపోతుందిగాని, కంపెనీల గడువు ఎన్నిసార్లు తప్పినా పచ్చగానే ఉంటుంది.

నాణెం మీద పెత్తనమంటే ఏమిటో మన ప్రాంతంవారికి ఒకరు చెప్పనక్కర లేదు. కోదాడ దాటితే జగ్గయ్యపేట. 1948కి ముందు ఇవతల నిజాం రాజ్యం, అవతల ఇంగ్లీషువాడి రాజ్యం. ఇవతల చార్మినారు బొమ్మ ఉన్న హాలీ సిక్కా, అవతల కల్దారు రూపాయి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు. సంతకు పోయిన రైతు సరిహద్దు దాటినప్పుడల్లా నాణెం మార్చేవాడికి బట్టా ఇచ్చుకోవలసి వచ్చేదని మా నాన్న చెప్పేవాడు. ఆ బట్టా కళ్లకు కనపడేది గనుక జనం తిట్టుకునేవారు. 1950లలో హాలీ సిక్కాను క్రమంగా చలామణి నుంచి తొలగించారు. నాణెం ప్రజల ప్రభుత్వానిదైందని సంతోషించాము. ఇప్పుడు నాణెం మనదే. అది నడిచే గుమ్మం దగ్గర మళ్లీ బట్టా మొదలైంది. అది కళ్లకు కనపడదు గనుక తిట్టేవాడు లేడు.

ఆ బట్టా ఏ రూపంలో పోతున్నదో తెలియాలంటే రెండో మెట్టూ మూడో మెట్టూ ఎక్కాలి. వీటికి పుస్తకాల్లో జవాబు వెదకనక్కర లేదు. సూర్యాపేటలో మా వీధి మొగన చాయ్ కొట్టు నడిపే ఆయన దగ్గర ఉన్నది జవాబు.

ఆయన ఇరవై ఏళ్లుగా గిరిగిరి ఫైనాన్సువాళ్ల దగ్గర అప్పు తీసుకుంటున్నాడు. తొమ్మిది వేలు చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు, పది వేలు వసూలు చేస్తారు. నిరుడు ఒక చెల్లింపుల కంపెనీ ఏజెంటు వచ్చి, "మీ అమ్మకాల లెక్క మా దగ్గర ఉంది, కాగితం లేదు, జామీను లేదు, యాభై వేలు ఇస్తాం" అన్నాడు. కంపెనీ పేరుతో నాకు పని లేదు. ఎవరిదైనా పద్ధతి ఒకటే. వ్రాత ఖర్చులు పోగా 48,500 చేతికి వచ్చింది. రోజుకు 190 చొప్పున 300 రోజులు, అంటే 57,000. "నూటికి నెలకు రూపాయిన్నర కూడా పడదు" అని ఏజెంటు లెక్క చెప్పాడు. యాభై వేల మీద పది నెలలకు ఏడు వేలు, నిజమే కదా అనిపిస్తుంది.

కాదు. ఆయన దగ్గర యాభై వేలు పది నెలలూ ఉండలేదు. మొదటి రోజు నుంచే తరుగుతూ వచ్చింది. చేతికి వచ్చినది 48,500. సరిగా లెక్క వేస్తే సంవత్సరానికి నూటికి నలభై పడుతుంది, నెలకు నూటికి మూడు రూపాయల పైచిలుకు. ఈ లెక్క నేను కనిపెట్టినది కాదు. అసలు వార్షిక వడ్డీ ఎంతో ముందుగా తెలియజేసే పత్రం ఇవ్వాలని 2022లో రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. ఆ పత్రం ఆయన ఫోనులోనే ఉంది, ఇంగ్లీషులో. నేను చదివి చెప్పేదాకా అది ఉన్నదని ఆయనకు తెలియదు.

ఇక్కడ మా అర్థశాస్త్ర మిత్రుడు నన్ను ఆపుతాడు. గిరిగిరివాడిది ఇదే పద్ధతిన లెక్క వేస్తే సంవత్సరానికి డెబ్బై అయిదు దాటుతుంది, నలభై దానికి సగమే కదా అంటాడు. సగమే. అందుకే ఆయన తీసుకున్నాడు. ఆకలిగొన్నవాడు రెండు పాచి రొట్టెల్లో తక్కువ పాచిన దాన్ని ఏరుకోవడాన్ని విముక్తి అనరు. జామీను లేకుండా యాభై వేల దాకా చిన్న వర్తకుడికి ఇవ్వడానికే 2015లో ముద్రా పథకం వచ్చింది. దాని వడ్డీ ఈ నలభైలో మూడో వంతు చుట్టూ ఉంటుంది. ఆయన ఒక బ్యాంకు చుట్టూ మూడుసార్లు తిరిగి విసిగి మానుకున్నాడు. ఆయన అమ్మకాల లెక్క బ్యాంకు ఖాతాలోనే ఉన్నది. బ్యాంకు దాన్ని చదవలేదు, కంపెనీ చదివింది.

తేడా ఇంకొకటి ఉంది. అది వడ్డీ లెక్కలో కనపడదు. మొన్న వేసవిలో ఆయన కూతురికి జ్వరం వచ్చి నాలుగు రోజులు కొట్టు మూశాడు. అయిదో రోజు తెరిస్తే, ఆనాటి అమ్మకం ఆయన ఖాతాకు చేరకముందే అయిదు రోజుల బాకీ, 950 రూపాయలు, కోసుకున్నారు. తొంభై అయిదు చాయ్‌ల డబ్బు. పాలవాడికి ఇవ్వడానికి లేకపోయింది. ఆనాడు నాతో అన్నాడు:

"గిరిగిరాయన పొద్దుమూకి వస్తుండె సారూ. గిరాకి లేదన్నా, బిడ్డకు బాగలేదన్నా అంటే నాలుగు తిట్టి, రేపియ్యి అని పోతుండె. ఈ డబ్బాకు నోరున్నది గని చెవుల్లేవు."

ఈ మాటను గిరిగిరివాడి మీద ప్రేమగా ఎవరూ తీసుకోవద్దు. వాడు వీధిలో పరువు తీసినవాడే. ఆయన చెప్పినది వేరు. వెనుక అప్పిచ్చినవాడు గల్లా బయట నిలబడి అడిగేవాడు. ఇవ్వడమా, మానడమా అన్న ఒక్క క్షణమైనా బాకీదారుడి చేతిలో ఉండేది. ఇప్పుడు అప్పిచ్చినవాడే గల్లా. సాహుకారును ఫోను చంపలేదు. సాహుకారు ఫోనులోకి మారాడు.

ఈ నేల మీద ఈ మాటకు బరువు ఉంది. 1946 నుంచి 1951 దాకా సాగిన పోరాటంలో సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాల రైతులు దొరల గడీల మీద పడి తీసివేసిన వాటిలో మొదటివి అప్పు పత్రాలు. నాగు ధాన్యానికి యాభై పాళ్లు వడ్డీ కట్టిన తాతల వేలిముద్రలు ఆ కాగితాల మీద ఉండేవి. వాటిని వీధిలో కుప్ప పోసి తగలబెట్టారు. లెక్క ఎవరి దగ్గర ఉంటే పెత్తనం వాడిదేనని అక్షరం రాని ఆ రైతుకు తెలుసు. అక్షరాలు నేర్చిన మనం ఆ పాఠం మరచిపోయి, మన దుకాణం రోజువారీ లెక్కను చేతులారా అప్పగించి, దాన్ని ఆధునికత అంటున్నాము.

పేదవాడికి అప్పు అందించడమే విప్లవమని ఇంతకు పూర్వమూ విన్నాము. హైదరాబాదు కేంద్రంగా పెరిగిన ఎస్‌కెఎస్ మైక్రోఫైనాన్స్ 2010 ఆగస్టులో వాటాలను బజారులో అమ్మింది. ప్రపంచమంతా పొగిడింది. వారం వారం వసూళ్ల ఒత్తిడితో పల్లెల్లో ఆడవాళ్లు ప్రాణాలు తీసుకున్న వార్తల మధ్య, ఆ అక్టోబరులోనే ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆనాడు వసూలుకు మనిషి వచ్చేవాడు గనుక ఊరు అతన్ని నిలదీయగలిగింది. ఈ వసూలును ఏ ఊరు నిలదీస్తుంది?

ఇక నా రెండో మిత్రుడున్నాడు. మిర్యాలగూడవాడు, మనవాడే, మహా తీవ్రవాది. "ఆ కాగితాలు చింపేద్దాం, నోట్లకే మళ్లుదాం" అంటాడు. 2025 జులైలో బెంగుళూరులో చిన్న వర్తకులు అదే చేశారు. యూపీఐ లెక్కలు చూసి వాణిజ్య పన్నుల శాఖ వేల నోటీసులు పంపితే, భయపడి కాగితాలు చింపి "నగదు మాత్రమే" అని బోర్డులు పెట్టారు. వారి భయం న్యాయమైనదే. కాని నోటు మనల్ని గిరిగిరివాడి నుంచి ఎన్నడూ కాపాడలేదు. నోటు రాజ్యంలోనే నాగు వడ్డీ పుట్టింది. బీహారు హమాలీని మళ్లీ మనియార్డరు వరుసలో నిలబెట్టే కార్యక్రమం అభ్యుదయ కార్యక్రమం కాదు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు ముందుగా మోతుబరి పొలానికే పారుతున్నాయని కాలువ పూడ్చుతామా? తూము ఎవరి అధీనంలో ఉండాలో తేల్చుకుంటాము.

తూము సంగతి ఇది. ముప్పై పాళ్ల నియమాన్ని ఇంకొక్కసారి వాయిదా వేయకూడదు. 2016 డిసెంబరులో ప్రభుత్వ పక్షాన వచ్చిన భీమ్ అనే గుమ్మం ఉన్నది. దాన్ని నామమాత్రంగా పడనిచ్చారు. ఖజానా డబ్బు కంపెనీల గుమ్మాలకు పోసే బదులు దానికి పోసి, అద్దె లేని డబ్బాను ప్రభుత్వ బ్యాంకులే ప్రతి చిన్న కొట్టుకూ ఇవ్వాలి. అమ్మకాల లెక్క వర్తకుడి సొత్తు. అతను చేతులారా ఇస్తే తప్ప అప్పులవాడికి చేరకూడదు. ఆ లెక్కను మొదట చదవవలసినది ముద్రా అప్పు ఇవ్వవలసిన బ్యాంకు. అప్పు పత్రం బాకీదారుడికి అర్థమయ్యే భాషలో ఉండాలని 2024లో రిజర్వు బ్యాంకే చెప్పింది. దాన్ని తెలుగులో, పెద్ద అక్షరాల్లో అడిగి తీసుకోవాలి. రోజువారీ కోతకు ఒక హద్దు ఉండాలి. జ్వరం వచ్చిన రోజున కోత ఆగాలి.

ఇవేవీ విప్లవాలు కావు. చట్టంలో సగం ఉన్నవే. కాని ఇవి అడిగేవాడు ఇవాళ లేడు. వర్తక సంఘాలకు ఇది అప్పుల గొడవ, కార్మిక సంఘాలకు ఇది వర్తకుల గొడవ, మనకు ఇది సాంకేతికుల గొడవ. చాయ్ కొట్టు ఆయన ఏ లెక్కలోనూ లేడు, ఒక్క కంపెనీ లెక్కలో తప్ప.

కోదాడ విద్యార్థులకు నా మనవి ఇది. చప్పట్లు కొట్టిన చేతులతోనే ఒక పని చేయండి. ఈ సెలవుల్లో మీ వీధిలో పది కొట్లకు పోండి. ప్రతి దుకాణదారుడి ఫోనులోనూ అప్పు పత్రం తెరిపించి, వార్షిక వడ్డీ ఉన్న వరుసను తెలుగులో ఆయనకు చదివి వినిపించండి. రోజు కోత ఎంతో, ఎన్ని రోజులో ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోండి. సూర్యాపేటలో మేము మొదలుపెట్టాము. ఇప్పటికి మా నోటుపుస్తకంలో ఒక్క పేరే ఉంది. రెండో పేరు కోసం రేపు కూరగాయల మార్కెట్టుకు పోతున్నాము.